గ్రామసభ పోయింది సరే, మున్సిపాలిటీలో మనం ఎక్కడ అడగాలి?

ఊరు పంచాయతీగా ఉన్నంతకాలం గ్రామసభ అని ఒకటి ఉంటుంది. జరిగినా జరక్కపోయినా, జరిగిన రోజు పదిమందే వచ్చినా, ఓటున్న ప్రతి మనిషీ అందులో సభ్యుడే, లేచి నిలబడి సర్పంచిని అడగొచ్చు. అదే ఊరు కాస్త పెరిగి, పక్క ఊళ్లను కలుపుకుని మున్సిపాలిటీ అయిందనుకోండి, ఆ మర్నాటి నుంచి గ్రామసభ ఉండదు. దాని బదులు ఏమొచ్చింది అని అడిగితే పన్ను పెరిగిందంటారు, ఉపాధి హామీ పని పోయిందంటారు (రెండోది నిజమే, ఆ పథకం పల్లెలకే), కౌన్సిలర్ వచ్చాడంటారు. మనం కూర్చుని అడిగే చోటు ఏదీ అంటే మాత్రం ఎవరి దగ్గరా సరైన జవాబు ఉండదు.

ఇది ఎవరో మర్చిపోయి వదిలేసింది కాదు, రాజ్యాంగంలోనే అలా ఉంది. 1992లో పార్లమెంటు రెండు సవరణలు చేసింది, 73వది పల్లెలకి, 74వది పట్టణాలకి. 1993 ఏప్రిల్ 24న ఒకటి, జూన్ 1న ఇంకోటి అమల్లోకి వచ్చాయి. పల్లెల సవరణలో గ్రామసభ కోసం విడిగా 243ఎ అధికరణం పెట్టారు. పట్టణాల సవరణలో దానికి సాటి వచ్చేది లేదు. ఉన్నదల్లా వార్డు కమిటీలు, అవి కూడా మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న చోటే తప్పనిసరి. అంటే విజయవాడకి, వరంగల్‌కి ఉంటాయి. జనగామ, చీరాల, తాడిపత్రి లాంటి యాభై వేల నుంచి లక్ష పైచిలుకు దాకా జనం ఉండే ఊళ్లు ఎటూ కాకుండా పోయాయి. గ్రామసభకి పెద్దవి, వార్డు కమిటీకి చిన్నవి. మన రెండు రాష్ట్రాల్లో పట్టణాలు అని చెప్పుకునేవాటిలో ఎక్కువ భాగం ఇవే.

మున్సిపాలిటీ అయితే మాకేంటి అనే గొడవ కొత్తదేం కాదు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి అప్పటి మద్రాసు ప్రభుత్వం 1920 నాటికి మున్సిపాలిటీ చేసినప్పుడు జనం మాకొద్దన్నారు. ఎక్కువమంది చేనేత వాళ్లు, చిన్న రైతులు. పంచాయతీగా ఉన్నప్పుడు సుమారు నాలుగు వేల రూపాయలుండే పన్ను ఒక్కసారిగా నలభై వేలకి చేరిందని ఆ ఉద్యమ చరిత్ర రాసినవాళ్లంతా చెప్పే లెక్క. కౌన్సిలర్లు రాజీనామా చేశారు, జనం పన్ను కట్టం అన్నారు, కొందరు జైలుకెళ్లారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో, గాంధీ సలహా మీద, 1921లో ఊరికి ఊరే ఖాళీ చేసి మున్సిపల్ హద్దు బయట రామనగర్ అని పాకలేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. ఎండా వానా అన్నీ అక్కడే. చివరికి ఉద్యమం చల్లారింది, జనం తిరిగొచ్చారు. చీరాల ఇప్పుడు మున్సిపాలిటీయే. అప్పుడు వాళ్లు అడిగినదాన్ని ఇప్పటి భాషలో చెప్పాలంటే: మమ్మల్ని అడగకుండా మా మీద పన్ను ఎవరు నిర్ణయించారు, దాంతో మాకేం చేస్తారు? ఇప్పుడు చట్టంలో దీనికి కొన్ని దారులున్నాయి. అవి ఎక్కడున్నాయో తెలియాలంటే ముందు మున్సిపాలిటీలో ఎవరి చేతిలో ఏముందో తెలియాలి.

మున్సిపాలిటీకి తలకాయలు రెండు. ఒకరు చైర్‌పర్సన్, ఇంకొకరు కమిషనర్. మనం ఓటేసేది వార్డు కౌన్సిలర్‌కి. గెలిచిన కౌన్సిలర్లు మొదటి సమావేశంలో చేతులెత్తి చైర్‌పర్సన్‌ని ఎన్నుకుంటారు. ఆ ఎన్నికలో స్థానిక ఎమ్మెల్యే, ఎంపీలకి కూడా ఎక్స్ అఫిషియో హోదాలో, అంటే పదవి రీత్యా, ఓటుంటుంది, దీని బలం ఎంతో 2021లో తాడిపత్రిలో అందరూ చూశారు. 36 వార్డుల్లో తెలుగుదేశం 18, వైఎస్సార్ కాంగ్రెస్ 16 గెలిచాయి, సీపీఐ ఒకటి, స్వతంత్రుడు ఒకరు. ఎమ్మెల్యే, ఎంపీ ఓట్లు కలిస్తే వైసీపీ కూడా 18కి వచ్చేసింది. అంటే ఓటర్లు ఇచ్చిన రెండు వార్డుల తేడా రెండు చేతులతో చెరిగిపోయింది. సీపీఐ, స్వతంత్ర సభ్యులు తెలుగుదేశం వైపు మొగ్గడంతో ఆ పార్టీ నాయకుడు జేసీ ప్రభాకర్ రెడ్డి 20 ఓట్లతో చైర్మన్ అయ్యారు. ఆ ఇద్దరు కౌన్సిలర్లకి ఆ వారం రోజులు ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక కమిషనర్‌ని మనం ఎన్నుకోం, కౌన్సిల్ కూడా ఎన్నుకోదు, రాష్ట్ర ప్రభుత్వం పంపుతుంది, ప్రభుత్వమే బదిలీ చేస్తుంది. కౌన్సిల్ తీర్మానం చేస్తుంది, అమలు చేసేది కమిషనర్. చెక్కు మీద సంతకం, సిబ్బంది మీద అజమాయిషీ, ఇంటి ప్లాను అనుమతులు, నోటీసులు అన్నీ ఆ గదిలోంచే. ఈ తీర్మానం చట్టానికి విరుద్ధం అనుకుంటే కమిషనర్ దాన్ని పైకి రాయొచ్చు, ప్రభుత్వం దాన్ని నిలిపేయొచ్చు, రద్దు కూడా చేయొచ్చు. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం కలెక్టర్‌కి ఇంకా పెద్ద పాత్ర ఇచ్చింది. కాబట్టి ‘చైర్మన్ గారు మాటిచ్చారు’ అని ఊరుకుంటే సగం పనే అయినట్టు, ‘కమిషనర్ గారు చూస్తానన్నారు’ అన్నా అంతే. ఇద్దరికీ పడినంతకాలం కాపురం బాగానే ఉంటుంది. పడకపోతే ఎజెండాలు వాయిదా, బిల్లులు వాయిదా. ఇద్దరి పైనా ఎమ్మెల్యే నీడ ఉంటుందని, చాలా ఊళ్లలో ఏ వార్డుకి ఎన్ని లక్షలో కౌన్సిల్ హాల్లోకి రాకముందే తేలిపోతుందని మీరంటారు. కాదనను. అయినా ఆ తేలింది కాగితం మీదకి రావాల్సిందే, ఆ కాగితం మనకి అందేదే.

కాగితం ఎలా కదులుతుందో ఒక డ్రైను తీసుకుని చూద్దాం. మీ వీధిలో మురుగు నిలుస్తోంది. కౌన్సిలర్ లెటర్ ఇచ్చాడో, ఆంధ్రాలో అయితే వార్డు సచివాలయంలో నీళ్లు, రోడ్లు చూసే ఎమెనిటీస్ సెక్రటరీ రాశాడో, మీరే అర్జీ పెట్టారో, ఏదో రకంగా ఇంజినీరింగ్ సెక్షన్‌కి చేరుతుంది. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చి టేపు పెట్టి కొలుస్తాడు, ఎస్టిమేట్ వేస్తాడు, ఆయన పై ఇంజినీరు డీఈ చూస్తాడు, ఏ పద్దులోంచి డబ్బు అనేది రాసుకుంటారు. అప్పుడు కౌన్సిల్ ఎజెండాలో ఒక అంశంగా ఎక్కుతుంది. ఆ అంశాలు చదవడం భలేగా ఉంటుంది, ఎందుకంటే మన వీధులకి చాలాచోట్ల నంబర్లు ఉండవు కాబట్టి పనికి పేరు మనుషుల ఇళ్లతోనే పెడతారు: ‘12వ వార్డులో ఫలానా వారి ఇంటి నుంచి ఫలానా వారి ఇంటి వరకు సీసీ డ్రైను నిర్మాణం, అంచనా విలువ రూ.4.80 లక్షలు, సాధారణ నిధులు, కౌన్సిల్ వారి ఆమోదం నిమిత్తం.’ ఆ రెండో ఫలానా ఇల్లు ఎవరిది అనేదే అసలు ప్రశ్న. డ్రైను ఆ ఇంటి దగ్గర ఆగిపోతే నీళ్లు ఎక్కడికి పోతాయి? పెద్ద కాలవలో కలవకుండా మధ్యలో వదిలేసిన డ్రైన్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. రెండు నెలల తర్వాత అదే మురుగు ముప్పై గజాల అవతల నిలుస్తుంది, కాకపోతే ఇప్పుడు సిమెంటు గోడల మధ్య.

కౌన్సిల్ సాధారణంగా నెలకోసారి కూర్చుంటుంది. మొదటి అరగంట నీళ్లు, కుక్కలు, వీధి దీపాలు. తర్వాత ఎజెండా అంశాలు ఒక్కొక్కటీ క్లర్క్ చదువుతుంటే ‘ఆమోదం, ఆమోదం’ అని వెళ్లిపోతాయి. ఎవరికైనా ఇష్టం లేకపోతే డిసెంట్ (అసమ్మతి) రాయమంటారు, కోపం ఎక్కువైతే వాకౌట్. చూడాల్సింది చివర్లో వచ్చే సప్లిమెంటరీ ఎజెండా, అప్పటికప్పుడు బల్ల మీద పెట్టే టేబుల్ ఎజెండా. అర్జెంటు పనుల కోసం పెట్టిన వెసులుబాటు అది, బోర్లు కాలిపోయాయి, పైపు పగిలింది, వరదొచ్చింది అంటే ఆగలేరు కదా. కానీ ముందుగా ఎవరూ చదవకూడదనుకున్న అంశాలు కూడా అందులోనే దూరతాయి. ఇంకోటి, ‘ముందస్తు అనుమతితో చేసిన పనికి ఆమోదం’ అని వచ్చేవి. అంటే పని అయిపోయింది, డబ్బు కూడా అయిపోయి ఉండొచ్చు, ఇప్పుడు చేతులెత్తమంటున్నారు.

ఆమోదం తర్వాత టెండరు. కాంట్రాక్టర్ అంచనా కంటే ఎంత ‘లెస్’కి వేశాడో అదే ఊళ్లో పెద్ద చర్చ. పాతిక శాతం లెస్‌కి దక్కించుకున్న పనిలో సిమెంటు ఎంత పడుతుందో మీరే ఆలోచించుకోండి. పని జరిగాక కొలతల పుస్తకం, అంటే ఎంబుక్‌లో కొలతలు రాస్తారు, దాన్నిబట్టి బిల్లు. ఇంత పొడుగు దారిలో మన మాట బాగా చెల్లేది ఎక్కడంటే ఏఈ టేపు పట్టుకుని వచ్చిన రోజు. వాలు ఎటుందో, వానాకాలంలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ వీధిలో ఉండే ముసలమ్మకి తెలిసినంత ఆ ఇంజినీరుకి తెలియదు, తెలియాలని కూడా లేదు. ఎస్టిమేట్ మంజూరయ్యాక అదే మాట చెబితే ‘రివైజ్డ్ ఎస్టిమేట్ వేయాలండీ’ అంటారు, అక్కడితో ఆ సంవత్సరం అయిపోతుంది.

డబ్బు సంగతి. మున్సిపాలిటీ సొంత ఆదాయం అంటే ప్రధానంగా ఇంటి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, నీటి చార్జీలు, మున్సిపల్ షాపుల అద్దెలు, ట్రేడ్ లైసెన్సులు, ప్లాను ఫీజులు, సంతలో ఆశీలు వేలం. రిజిస్ట్రేషన్ల మీద వచ్చే సర్‌చార్జీ వాటా ప్రభుత్వం నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో వాళ్ల దయ. ఇవన్నీ కలిసిన సాధారణ నిధుల్లో పారిశుధ్య కార్మికుల జీతాలు, కరెంటు బిల్లు పోగా మిగిలేది తక్కువ. కేంద్రం ఇచ్చే ఆర్థిక సంఘం నిధులు పెద్ద ఆసరా, కానీ 15వ ఆర్థిక సంఘం చిన్న పట్టణాలకి ఇచ్చినవాటిలో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే కట్టేసింది. తెలంగాణ చట్టమైతే బడ్జెట్‌లో 10 శాతం మొక్కలకి పెట్టమంది. కాబట్టి ‘కోట్లు వస్తున్నాయి, మా వీధికి రోడ్డు వేయలేరా’ అనేవాళ్లు ముందు ఆ కోట్లు ఏ పద్దులో ఉన్నాయో అడగాలి. రోడ్డుకి వాడకూడని డబ్బు ఖాతాలో మూలుగుతుండొచ్చు, రోడ్డుకి వాడదగ్గ పద్దులో కరెంటు బిల్లు బాకీ ఉండొచ్చు. బడ్జెట్ కౌన్సిల్ ముందుకు వచ్చేది ఆర్థిక సంవత్సరం మొదలయ్యే లోపే. ఆ సమావేశానికి వచ్చే ఊరి జనం ఎంతమంది? పార్కు ప్రారంభానికి వచ్చేవాళ్లలో పదో వంతు కూడా ఉండరు.

పన్ను విషయంలో మన మాటకి చట్టం ఇచ్చిన తలుపు అభ్యంతరాల గడువు. ఆంధ్రప్రదేశ్ 2021లో ఇంటి పన్ను లెక్కని మార్చింది. అంతకుముందు ఆ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంతొస్తుంది అనేదాన్నిబట్టి పన్ను ఉండేది, ఇప్పుడు ఆస్తి మూలధన విలువ మీద, అంటే రిజిస్ట్రేషన్ విలువ ఆధారంగా. నివాస గృహాలకి 0.10 నుంచి 0.50 శాతం మధ్య ఎంత అనేది స్థానికంగా తేల్చుకోమన్నారు, ఒక ఏడాదిలో పెరుగుదల 15 శాతం దాటకూడదన్నారు. కౌన్సిల్ ముసాయిదా పెట్టాలి, ప్రజల అభ్యంతరాలు తీసుకోవాలి, ఆ తర్వాత ఖాయం చేయాలి. అప్పట్లో పార్టీలు, సంఘాలు ధర్నాలు చేశాయి, అర్జీలూ పడ్డాయి. ఎక్కువ అర్జీల్లో ఉన్న వాక్యం ఒక్కటే, పన్ను పెంచవద్దు అని. దానికి అధికారి రాసే జవాబు కూడా ఒక్కటే, ప్రభుత్వ ఉత్తర్వుల ప్రకారం చేస్తున్నాం అని. కౌన్సిల్ చేతిలో నిజంగా ఉన్నది ఆ రెండు అంకెల మధ్య ఏ శాతం అనేదే. మన ఊరికి 0.10 సరిపోతుంది, ఇదిగో పోయినేడు వసూలు, ఇదిగో పెద్ద బకాయిదారుల మొత్తం, ముందు అది రాబట్టండి అని రాసిన అర్జీని అంత తేలిగ్గా తోసేయలేరు.

జనం ఇంకో దారి కూడా చూపించారు, ఇవ్వకపోవడం. అదే ఏడాది చెత్త సేకరణకి నెలనెలా రుసుము మొదలుపెట్టారు, ఊళ్లలో దాని పేరు చెత్త పన్ను అయిపోయింది. వార్డు సిబ్బంది గుమ్మం ముందు నిలబడి అడగడం, ఇంట్లోవాళ్లు తలుపేసుకోవడం, కొన్నిచోట్ల దుకాణాల ముందు చెత్త పోసేదాకా వెళ్లింది వ్యవహారం. ప్రభుత్వం మారాక 2024 చివర్లో దాన్ని ఎత్తేశారు. రాజకీయంగా జనం గెలిచారు. చెత్త బండికి డీజిల్ ఎక్కణ్ణుంచి అనే ప్రశ్న మాత్రం సాధారణ నిధుల నెత్తిన పడింది.

మరి కూర్చుని మాట్లాడే చోటు? తెలంగాణ 2019 చట్టం ప్రతి వార్డుకీ నాలుగు కమిటీలు పెట్టమంది: యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు, ఒక్కోదాంట్లో 15 మంది. అంటే వార్డుకి అరవై మంది. రాజ్యాంగం వదిలేసిన ఖాళీని పూరించే ప్రయత్నమే ఇది, 2020 ఫిబ్రవరి 24న పట్టణ ప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమం మొదలైనప్పుడు ఈ కమిటీల హడావిడి కనిపించింది కూడా. నా అభిప్రాయంలో దీనికున్న రోగం ఒకటే, సలహా ఇచ్చే పని ఇచ్చారు గానీ వినకపోతే ఏమవుతుందో చెప్పలేదు. మొక్కలు నాటించడానికి, ఫొటోకి పిలుస్తారు, వార్డు పనుల జాబితా తేల్చడానికి పిలవరు. పిలవకపోయినా మీ వార్డు కమిటీలో ఎవరెవరున్నారో జాబితా అడిగి చూడండి, మీ పేరే ఉన్నా ఆశ్చర్యపోకండి.

ఆంధ్రాలో దారి వేరు. 2019 తర్వాత వార్డు సచివాలయాలు వచ్చాయి, దాదాపు నాలుగు వేల జనాభాకి ఒకటి. శానిటేషన్‌కి ఒకరు, ప్లానింగ్‌కి ఒకరు, నీళ్లు రోడ్లకి ఒకరు, ఇలా సెక్రటరీలు. పని చెప్పడానికి మెయిన్ ఆఫీసుదాకా ఆటో కట్టుకుని పోనక్కర్లేకుండా పోయింది, ఇది చిన్న లాభం కాదు. కానీ సచివాలయం ప్రభుత్వం కిందకి వచ్చిన కిటికీ, కౌన్సిల్ కిందకి దిగి వచ్చిన సభ కాదు. అక్కడ ఫిర్యాదు తీసుకుంటారు, సోమవారం అర్జీలూ తీసుకుంటారు, నంబర్ ఇస్తారు, ‘పరిష్కరించబడినది’ అని మెసేజ్ కూడా వస్తుంది, పరిష్కారం కాకపోయినా. ఏ పని ముందు చేయాలి అని మాత్రం ఎవరూ అడగరు.

ఆశ్చర్యం ఏమిటంటే, మన పట్టణాల్లో నిజంగా నెలనెలా కూర్చునేది మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద ఉన్న ఆడవాళ్ల పొదుపు సంఘాలు. సంఘం, దానిపైన స్లమ్ సమాఖ్య, ఆపైన పట్టణ సమాఖ్య, మధ్యలో సంఘాలని చూసుకునే ఆర్పీలు (రిసోర్స్ పర్సన్లు). ఏ ఇంట్లో పింఛను ఆగిందో, ఏ కుళాయికి వారం నుంచి నీళ్లు రావట్లేదో కౌన్సిలర్ కంటే ముందు ఆర్పీకి తెలుస్తుంది. అప్పులు, కిస్తీలు, మీటింగులకి జనాన్ని తోలుకురమ్మనే పనికి వాళ్లని వాడుకుంటున్నారు గానీ, వార్డు పనుల జాబితా వాళ్ల సమావేశంలో పెట్టి చదివిస్తే చాలు, సగం గ్రామసభ వచ్చేసినట్టే.

అంతవరకూ మనం చేయగలిగింది ఎజెండా పట్టుకోవడం. కౌన్సిల్ సమావేశం రహస్యం కాదు, విలేకరులు కూర్చునేది అందుకే. ఎజెండా కౌన్సిలర్లకి ముందే పంచుతారు, మీ కౌన్సిలర్‌ని వాట్సాప్‌లో పెట్టమనండి, పెట్టకపోతే పక్క వార్డు ప్రతిపక్ష కౌన్సిలర్‌ని అడగండి, ఆయన సంతోషంగా పెడతాడు. మీ వార్డు అంశం ఉంటే ఆ ఫలానా ఇల్లు నుంచి ఫలానా ఇల్లు వరకు ఒకసారి నడిచి చూడండి. అయిపోయిన పనుల గురించైతే సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి తీర్మానం కాపీ, ఎస్టిమేట్, ఎంబుక్ నకలు అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. ‘నా వీధిలో రోడ్డు ఎందుకు బాగోలేదు’ అని అడిగితే జవాబు రాదు, అది సమాచారం కాదంటారు. ఫలానా తేదీ తీర్మానం నంబరు ఇంత, దాని కొలతల పుస్తకం నకలు అని అడిగితే ఇవ్వక తప్పదు.

ఇక అసలు కౌన్సిలే లేని కాలాలు ఉంటాయి, అవి మనకి కొత్త కాదు. ఐదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నికలు జరపాలని రాజ్యాంగం అంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో ఎన్నికైన కౌన్సిళ్ల గడువు 2010లో ముగిస్తే మళ్లీ ఎన్నికలు 2014లో. వాటి గడువు 2019లో ముగిస్తే ఆంధ్రలో పోలింగ్ 2021 మార్చి 10న. తెలంగాణలో 2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాలు 2025 జనవరిలో దిగిపోగానే ప్రభుత్వం పెట్టిన ప్రత్యేకాధికారులు వచ్చారు. ఇలాంటప్పుడు కౌన్సిల్ చేయాల్సిన తీర్మానం ప్రత్యేకాధికారి ఒక్కరే చేస్తారు. చేతులెత్తేవాళ్లు, డిసెంట్ రాసేవాళ్లు, ఎజెండా వాట్సాప్‌లో పెట్టే ప్రతిపక్షం ఎవరూ ఉండరు. తీర్మానాల రిజిస్టర్ మాత్రం ఉంటుంది, నంబర్లు పడుతూనే ఉంటాయి, దాని నకలు అడగడానికి కూడా దరఖాస్తు ఫీజు అదే పది రూపాయలు.